బైబిల్ పండితుల వార్షిక సదస్సుకి వైజాగ్ నుంచి వెళ్లాలంటే: ప్రపోజల్ నుంచి చివరి రసీదు దాకా

"ఎస్‌బీఎల్‌కి ఎలా వెళ్లాలండీ?" అని బైబిల్ పండితుల సొసైటీ సదస్సు గురించి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎంటీహెచ్ (వేదాంతంలో మాస్టర్స్) చేస్తున్న కుర్రాళ్లు, బైబిల్ కాలేజీల్లో గ్రీకు, హెబ్రీ చెప్పే మాస్టార్లు, ఆంధ్రా యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నవాళ్లు, ఒకపక్క సంఘం చూసుకుంటూ ఇంకోపక్క పీహెచ్‌డీ లాక్కొస్తున్న పాస్టర్లు. ఎక్కువమంది సెప్టెంబర్‌లో అడుగుతారు. ఫలానా పేపర్ చదువుతామని పంపే ప్రపోజల్స్‌కి ఆ ఏడాది గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

వెళ్లలేకపోయినవాళ్లలో చాలామంది చదువు తక్కువై కాదు, డబ్బు లేక కూడా కాదు, పనుల వరస తప్పడం వల్ల ఆగిపోయారు. పేపర్ ఒప్పుకున్నాక పాస్‌పోర్ట్ వెతికారు, టికెట్ కొన్నాక వీసా స్లాట్ చూశారు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

## 1. ముందు ఏ సదస్సో తేల్చుకోండి

ఎస్‌బీఎల్ అంటే సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్. వాళ్ల వార్షిక సదస్సు ఏటా నవంబర్‌లో, అమెరికా వాళ్ల థాంక్స్ గివింగ్ పండగకి ముందొచ్చే శనివారం నుంచి మంగళవారం దాకా, ఒక్కో ఏడాది ఒక్కో నగరంలో జరుగుతుంది. 2024లో శాన్ డియాగో, 2025లో బోస్టన్, 2026లో డెన్వర్. అమెరికన్ అకాడమీ ఆఫ్ రెలిజియన్ సదస్సు కూడా అదే చోట, అవే రోజుల్లో ఉంటుంది కాబట్టి జనం వేలల్లో ఉంటారు.

ఇదిగాక ఎస్‌బీఎల్‌కే అంతర్జాతీయ సదస్సు ఒకటి ఉంది, అది అమెరికా బయట జరుగుతుంది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 2025లో ఉప్సాలాలో పెట్టారు. జనం తక్కువ, మాట కలపడం తేలిక. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు దీనికే.

అసలు ఎక్కడా పేపర్ చదవని వాళ్లయితే ముందు ఇక్కడే ఒకటి చదవండి. సొసైటీ ఫర్ బిబ్లికల్ స్టడీస్ ఇన్ ఇండియా ఉంది, ఆసియా స్థాయిలో సొసైటీ ఆఫ్ ఏషియన్ బిబ్లికల్ స్టడీస్ ఉంది. అక్కడ ఎదురైన ప్రశ్నలు మీ పేపర్‌కి బాగా పదును పెడతాయి, ఖర్చూ మన చేతిలో ఉంటుంది.

ఇక్కడి నుంచి నవంబర్ సదస్సునే దృష్టిలో పెట్టుకుని చెప్తాను. మిగతావాటికి నెలలు మారతాయి గానీ వరస ఇదే.

## 2. కేలండర్ వెనక నుంచి వేసుకోండి

గోడకి పెద్ద కేలండర్ తగిలించి నవంబర్‌లో మొదలుపెట్టి వెనక్కి రండి.

- నవంబర్: సదస్సు
- అక్టోబర్: పేపర్ పూర్తి, గట్టిగా చదివి టైమ్ చూసుకోవడం, పబ్లిషర్ల ఎడిటర్లకి మెయిల్స్
- ఆగస్టు, సెప్టెంబర్: వీసా చేతికి వచ్చి ఉండాలి, టికెట్, గది
- ఏప్రిల్, మే: ప్రపోజల్ ఫలితం తెలిసిన వెంటనే రిజిస్ట్రేషన్, ఆహ్వాన పత్రం, వీసా స్లాట్
- జనవరి నుంచి మార్చి: ప్రపోజల్స్ తీసుకునే కాలం
- అంతకుముందు డిసెంబర్: పాస్‌పోర్ట్, సభ్యత్వం, పేపర్ ఆలోచన

గడువులు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి జనవరి మొదటి వారంలో సొసైటీ సైట్లో చూసి అసలు తేదీ రాసుకోండి. గడువు అమెరికా టైమ్ ప్రకారం ఉంటుంది, అయినా మన టైమ్‌కి ఒక రోజు ముందే పంపేయండి. ఆఖరి రాత్రి సర్వర్ నెమ్మదించడం, ఇంట్లో కరెంట్ పోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి.

## 3. పేరు, పాస్‌పోర్ట్, సభ్యత్వం

మనవాళ్లకి పేరుతో వచ్చే తలనొప్పి ఇంకెవరికీ రాదు. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, బాప్తిస్మం తర్వాత పెట్టుకున్న పేరు ఇంకోటి. ఇవన్నీ డిసెంబర్‌లోనే సరిచేసుకోండి. పాస్‌పోర్ట్ ఆఫీస్ మన విశాఖలోనే ఉంది, అందుకోసం ఊరు దాటక్కర్లేదు.

సభ్యత్వం తీసుకునేటప్పుడు, రిజిస్టర్ అయ్యేటప్పుడు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. ఆహ్వాన పత్రం మీద కూడా అదే పేరు పడాలి. జనం పిలిచే పేరు బ్యాడ్జ్ మీద వేయించుకునే వీలుంటే అక్కడ వేయించుకోండి.

ప్రపోజల్ పెట్టాలంటే సభ్యత్వం ఉండాలి. ఆదాయం తక్కువున్న దేశాల వాళ్ల కోసం ఎస్‌బీఎల్‌లో ఇంటర్నేషనల్ కోఆపరేషన్ ఇనిషియేటివ్ అని ఒక ఏర్పాటు ఉంది, దాని కింద సభ్యత్వ రుసుము తక్కువ, కొన్ని పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫారం నింపేటప్పుడు ఆ ఆప్షన్ వెతకండి. మామూలు రుసుము కట్టేశాక వెనక్కి ఇవ్వమని అడగడం పెద్ద తతంగం.

చెక్‌లిస్ట్:
- సదస్సు అయ్యాక ఇంకా కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్ట్
- అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్
- రోజూ చూసే మెయిల్ ఐడీ (కాలేజీ మెయిల్ ఏడాదికోసారి బ్లాక్ అయ్యే రకమైతే దాన్ని నమ్ముకోకండి)

## 4. ప్రపోజల్: అసలు వడపోత ఇక్కడే

సదస్సు మొత్తం యూనిట్లుగా ఉంటుంది. పౌలు పత్రికలకి ఒకటి, సమదృక్ సువార్తలకి (మత్తయి, మార్కు, లూకా) ఒకటి, ఏషియన్ అండ్ ఏషియన్ అమెరికన్ హెర్మెన్యూటిక్స్ (వాక్యానికి అర్థం చెప్పే పద్ధతులు) అని ఒకటి, ఇలా చాలా. ప్రతి యూనిట్ ఆ ఏడాది ఏం కావాలో కొన్ని లైన్లలో రాస్తుంది. కొన్ని సెషన్లు ఎవరైనా పంపుకునేవి, కొన్ని ఫలానా అంశం మీదే, కొన్ని పిలిచినవాళ్లకి మాత్రమే. ఈ లైన్లు చదవకుండా పంపిన ప్రపోజల్ ఎంత బాగున్నా పక్కకి పోతుంది. తమ దగ్గర ఉన్న పేపర్‌కి యూనిట్ వెతుక్కునేవాళ్లే ఎక్కువ. మీరు యూనిట్ అడిగింది చూసి పేపర్‌ని దానివైపు తిప్పండి.

ఇక సారాంశం. మనవాళ్లు రాసే సారాంశాల్లో తొంభై పాళ్లు ప్రసంగం వాసన కొడతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం.

లూకా 5:1-11 మీద పేపర్ అనుకోండి. మామూలుగా వచ్చే శీర్షిక ఇలా ఉంటుంది: "మనుషులను పట్టే జాలరులు: నేటి సంఘానికి పిలుపు". ఆదివారం వాక్యానికి ఇది బాగుంటుంది, సదస్సుకి పనికిరాదు. ఇందులో ప్రశ్న లేదు, కాదనడానికి ఏమీ లేదు.

అదే వాక్యభాగాన్ని మన విశాఖ జాలరిపేట ఒడ్డున నిలబడి చదివి చూడండి. పడవ ఎవరిది? వల ఎవరిది? రాత్రంతా తిరిగి ఖాళీగా వస్తే ఆ డీజిల్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? చేపలు పడితే వాటా ఎలా తెగుతుంది? ఇప్పుడు లూకా దగ్గరికి రండి. 5:7లో రెండో పడవలో పాలివాళ్లు (వాటాదారులు) ఉన్నారు, 5:10లో యాకోబు, యోహాను సీమోనుతో పాలివాళ్లని చెప్తాడు. మార్కు 1:20లో జెబెదయి దగ్గర కూలికి పనిచేసేవాళ్లు ఉన్నారు, లూకా కథలో వాళ్లు కనపడరు. ఎందుకు? ఇక్కడ పేపర్ పుట్టింది. శీర్షిక: "పడవ, వాటా, కూలి: లూకా 5:1-11ని విశాఖ మత్స్యకారుల వాటా పద్ధతితో కలిపి చదవడం".

ఇలాంటి పేపర్ బోస్టన్‌లో కూర్చున్నవాళ్లు రాయలేరు. గ్రీకు వ్యాకరణం మీద వాళ్లతో పోటీ పడొద్దని అనను, పడండి, కానీ మీ చేతికందేది వాళ్లకి అందనిది ఒకటి ఉన్నప్పుడు దాన్ని వదిలి వాళ్ల లైబ్రరీతో పోటీకి దిగడం తెలివైన పని కాదు. 1805లో విశాఖకి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్ల అనువాద పని, 1818లో మద్రాసులో అచ్చయిన తెలుగు కొత్త నిబంధన, ఇవి కూడా మన ఇంటి ముంగిట ఉన్న విషయాలే, వీటి మీద చేయాల్సింది చాలా మిగిలి ఉంది.

సారాంశం రాసే వరస:
1. మొదటి వాక్యంలో వాక్యభాగం, ప్రశ్న. "బైబిల్ గొప్ప గ్రంథం" లాంటి మొదలు వద్దు.
2. ఇప్పటిదాకా ఆ ప్రశ్నకి పండితులు ఏం చెప్పారో రెండు వాక్యాలు.
3. మీరు ఏం చెప్తున్నారో ఒక్క వాక్యం, "నేను వాదించేది ఇది" అని సూటిగా.
4. ఎలా చూపిస్తారు? ఏ పాఠం, ఏ ఆధారం, ఏ పద్ధతి?
5. ఒప్పుకుంటే ఏం మారుతుంది?

రాశాక మీ సబ్జెక్ట్ కాని స్నేహితుడికి ఇచ్చి "నేను ఏం వాదిస్తున్నానో చెప్పు" అనండి. ఆయన చెప్పలేకపోతే తప్పు ఆయనది కాదు, మళ్లీ రాయాలి.

పదాల పరిమితి ఫారంలోనే ఉంటుంది, దాటకండి. ఒక మనిషి ఎన్ని ప్రపోజల్స్ పంపొచ్చో కూడా నియమం ఉంటుంది, చూసుకోండి. డాక్టరేట్ ఇంకా రానివాళ్లని పూర్తి పేపర్ పంపమని అడగొచ్చు, కాబట్టి విద్యార్థులు చిత్తుప్రతి దగ్గర ఉంచుకునే ప్రపోజల్ పెట్టడం మంచిది. జాలరిపేటలో మనుషులతో మాట్లాడి రాసే పేపరైతే వాళ్ల అనుమతి ముందే తీసుకోండి, పేర్లు మార్చండి. ఇది తర్వాత చూసుకునే పని కాదు.

ప్రపోజల్ రాకపోతే? పేపర్ లేకుండా వెళ్లి వినొచ్చు. కానీ అమెరికా దాకా ఖర్చుపెట్టి వినడానికే వెళ్లడం నాకైతే నచ్చదు, ఆ డబ్బు దాచి వచ్చే ఏడాది మళ్లీ పంపండి.

## 5. డబ్బు

రాతపూర్వకంగా అడగండి, ముందుగా అడగండి. కాలేజీ, సంఘం, డయాసిస్ ఎవరైనా సరే నోటిమాటగా "చూద్దాంలే బాబూ" అన్నదాన్ని లెక్కలో వేసుకోకండి.

ఖర్చు పద్దులు ఇవి: సభ్యత్వం, రిజిస్ట్రేషన్, వీసా ఫీజు, హైదరాబాద్ రానుపోను, విమానం, గది, తిండి, ట్రావెల్ ఇన్సూరెన్స్, పుస్తకాలు. ఇన్సూరెన్స్ తీసేసి మిగుల్చుకుందామనుకునేవాళ్లున్నారు. అక్కడ ఒక్కసారి ఆస్పత్రి గడప తొక్కితే ఆ మిగులు ఎందుకూ చాలదు.

వేరే దేశాల నుంచి వచ్చేవాళ్లకి ఎస్‌బీఎల్ ట్రావెల్ గ్రాంట్లు ఇస్తుంది, వాటికి వేరే అప్లికేషన్, వేరే గడువు. ప్రపోజల్ ఫలితం దాకా ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు. రిజిస్ట్రేషన్ ముందు చేసుకుంటే తక్కువ పడుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది.

సదస్సు హోటళ్లు ఖరీదు. ఇద్దరు ముగ్గురు కలిసి గది పంచుకోవడం అక్కడ ప్రొఫెసర్లు కూడా చేసే పనే, మొహమాటం అక్కర్లేదు. ఊళ్లో తెలిసిన తెలుగువాళ్లు ఉంటే వాళ్లింట్లో ఉండొచ్చు గానీ ఒక్క షరతు: సదస్సు హాలుకి అరగంటలో చేరేలా ఉండాలి. గంటన్నర దూరంలో బంధువుల ఇంట్లో దిగితే పొద్దున్న సెషన్ పోతుంది, రాత్రి రిసెప్షన్ పోతుంది, మధ్యలో వాళ్ల మర్యాదలకి సగం రోజు పోతుంది.

## 6. వీసా: హైదరాబాద్ పని

సదస్సులో పాల్గొనడానికి బీ1/బీ2 విజిటర్ వీసా సరిపోతుంది. మనకి అమెరికన్ కాన్సులేట్ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది. వరస ఇలా:

1. సొసైటీ నుంచి ఆహ్వాన పత్రం తెప్పించుకోండి. పేపర్ ఒప్పుకున్నామని వచ్చిన ఒప్పుకోలు మెయిల్ ఒక్కటే చాలదు.
2. డీఎస్-160 అనే వీసా అప్లికేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపండి. మధ్యమధ్యలో సేవ్ చేయండి, వదిలేస్తే టైమ్ అవుట్ అవుతుంది. రెండు అంగుళాల చదరపు ఫోటో కావాలి, మామూలు పాస్‌పోర్ట్ సైజు పనికిరాదు.
3. ఫీజు కట్టండి. 2023 నుంచి 185 డాలర్లు ఉంది, కట్టే రోజున సైట్లో సరిచూసుకోండి. వీసా రాకపోయినా అది తిరిగి రాదు.
4. స్లాట్లు బుక్ చేయండి. వేలిముద్రలకి ఒకటి, ఇంటర్వ్యూకి ఒకటి. స్లాట్ కోసం నెలలు ఆగాల్సి రావచ్చు, అందుకే ఫలితం వచ్చిన వారంలోనే మొదలుపెట్టమంటున్నాను.

రెండు స్లాట్లూ వరస రోజుల్లో దొరికితే ఒకే ప్రయాణంలో అయిపోతుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. కానీ రైలు దిగి నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లే ప్లాన్ వేసుకోకండి, బండి ఆలస్యమైతే నెలల నిరీక్షణ నీళ్లపాలు. ఒక రోజు ముందు వెళ్లి పడుకోండి. ఫోన్, ల్యాప్‌టాప్ లోపలికి రానివ్వరు, ఎవరి దగ్గర ఉంచాలో ముందే అనుకోండి.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగియొచ్చు. "ఎందుకు వెళ్తున్నారు?" అంటే ఇంత చాలు: "సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ వార్షిక సదస్సులో పేపర్ చదవడానికి. సదస్సు నాలుగు రోజులు. నేను ఫలానా కాలేజీలో కొత్త నిబంధన చెప్తాను. ఖర్చు సగం కాలేజీది, సగం నాది."

మనవాళ్లు ఇక్కడ దేవుని పిలుపు దగ్గర మొదలుపెడతారు. అడిగినదానికి అడిగినంత చెప్పండి. మీ పేపర్ దేని గురించి అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, అది ఇంట్లో సాధన చేయండి. సదస్సు అయ్యాక బంధువులను చూస్తారా, అక్కడి తెలుగు సంఘాలకి వెళ్తారా అని అడిగితే దాచకండి, ఉన్నది చెప్పండి.

ఫైల్లో ఉండాల్సినవి: ఆహ్వాన పత్రం, ఒప్పుకోలు మెయిల్, సారాంశం ఒక కాపీ, కాలేజీ నుంచి సెలవు మంజూరు లెటర్, జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఎవరు ఖర్చు పెడుతుంటే వాళ్ల లెటర్. ఇవన్నీ చూడకపోవచ్చు, అయినా ఉండాలి.

వీసా స్టాంప్ చేతికొచ్చేదాకా తిరిగి డబ్బు రాని టికెట్ కొనొద్దు.

టికెట్ కొనేటప్పుడు ఇంకో సంగతి: సదస్సు మంగళవారం ముగుస్తుంది, గురువారం థాంక్స్ గివింగ్. ఆ రెండు రోజులు అమెరికా మొత్తం ప్రయాణంలోనే ఉంటుంది. తిరుగు టికెట్ ముందే తీసుకోండి.

## 7. పేపర్: చెవికి రాయండి

సెషన్ మామూలుగా రెండున్నర గంటలు. నలుగురైదుగురు చదువుతారు. ఒక్కొక్కరికి ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు, అందులోనే ప్రశ్నలు కూడా కలిపారో లేదో అధ్యక్షుణ్ణి మెయిల్‌లో అడగండి.

ఇరవై నిమిషాలకి ఇంగ్లిష్‌లో రెండు వేల పదాలు, మహా అయితే ఇరవై రెండు వందలు. మన ఉచ్చారణ వాళ్ల చెవికి కొత్త కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవాలి, ఇంకో వంద తగ్గించినా నష్టం లేదు. థీసిస్ చాప్టర్ కోసి తెచ్చి వేగంగా చదివేయడం అన్నిటికంటే పాత జబ్బు. దానికి మందు ఒక్కటే, కొత్తగా రాయడం.

ఎలాగంటే:
- మొదటి నిమిషంలోనే వాదన చెప్పేయండి. చివరి దాకా దాచి పెట్టే సస్పెన్స్ ఇక్కడ పనిచేయదు.
- వాక్యాలు చిన్నవి. ఒక వాక్యంలో ఊపిరి అందకపోతే రెండుగా విరగ్గొట్టండి.
- గ్రీకు, హెబ్రీ మాటలు హ్యాండౌట్‌లో (వినేవాళ్లకి పంచే కాగితంలో) ఉంచి, నోటితో అవసరమైనవే పలకండి.
- ఫుట్‌నోట్లన్నీ చదవకండి. ఎవరితో విభేదిస్తున్నారో ఆ పేరు మాత్రం చెప్పండి.
- ఏ పేరా దగ్గర టైమ్ ఎంతుండాలో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయండి. వెనకబడితే ఏ పేరా వదిలేయాలో కూడా ముందే గీత పెట్టుకోండి.

"వేదికనలంకరించిన పెద్దలకు, ఈ అవకాశమిచ్చిన దేవాది దేవునికి, నన్ను ఇంతవాణ్ణి చేసిన" అని మొదలుపెట్టే అలవాటు మనకి రక్తంలో ఉంది. అక్కడ అది రెండు నిమిషాలు తినేస్తుంది. థాంక్యూ అని ఒక్క మాట చెప్పి పేపర్‌లోకి దిగండి. ప్రార్థన, సాక్ష్యం, అన్వయింపు ఏవీ వద్దు. వినేవాళ్లలో యూదులు, కాథలిక్కులు, ఏ మతమూ లేనివాళ్లు అందరూ ఉంటారు. వాళ్లు చూసేది ఆధారం నిలబడిందా లేదా అని.

గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డ్ చేసి, పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తూ వినండి. ఎక్కడ మీకే బోరు కొట్టిందో అక్కడ కొట్టేయండి. తర్వాత కాలేజీలో ఓ పదిమందిని కూర్చోబెట్టి చదివి, ప్రశ్నలు అడగమనండి.

## 8. ఫాంట్లు, హ్యాండౌట్, స్లైడ్లు

తెలుగు బైబిల్ వచనం చూపించాలంటే అది యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీ వాళ్లు అనూ ఫాంట్లలో కొట్టి ఇచ్చిన ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గీతలు వస్తాయి. హెబ్రీకి, గ్రీకుకి ఎస్‌బీఎల్ వాళ్ల యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. హెబ్రీ కుడి నుంచి ఎడమకి పోతుంది కదా, కంప్యూటర్ మారితే అక్షరాలు తిరగబడొచ్చు, అందుకని అన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

ప్రొజెక్టర్ ఉంటుందని అనుకోకండి. కావాలంటే ప్రపోజల్‌లోనే అడగాలి, దొరక్కపోయినా పేపర్ నడిచేలా ఉండాలి. దానికే హ్యాండౌట్: ఒక్క షీట్, రెండు పక్కలా. పైన శీర్షిక, పేరు, మెయిల్, తర్వాత వచనాలు, ముఖ్యమైన ఉటంకింపులు, కింద వాదన నాలుగు లైన్లలో. ద్వారకానగర్‌లో జిరాక్స్ తీయించుకుని వెళ్తే అక్కడి హోటల్ ప్రింటింగ్ చార్జీలు తప్పుతాయి. ముప్పై, నలభై కాపీలు చాలు, కట్ట మీ చేతి సంచిలో పెట్టండి, చెక్-ఇన్ లగేజీలో కాదు.

## 9. ఏ సెషన్లకి వెళ్లాలి

ఒకే సమయానికి పదుల సెషన్లు నడుస్తాయి. అన్నిటికీ గుండ్రాలు చుట్టుకున్నవాడు నాలుగు రోజులూ కారిడార్లలో పరిగెత్తుతాడు. ప్రోగ్రామ్ ఆన్‌లైన్‌లో పెట్టగానే సారాంశాలు చదివి, రోజుకి రెండు సెషన్లు ఖాయం చేసుకోండి, ఇంకోటి వీలైతే. మిగతా టైమ్ మనుషులకి, పుస్తకాలకి.

గదులు కన్వెన్షన్ సెంటర్‌లో కొన్ని, చుట్టుపక్కల హోటళ్లలో కొన్ని ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి రెండు సెషన్లు పెట్టుకుంటే మధ్యలో నడక ఎంతో మ్యాప్‌లో చూడండి. పాస్టర్లకి ఇంకో మాట: ఆదివారం పొద్దున్న కూడా సెషన్లు నడుస్తాయి. మీ పేపర్ అప్పుడే పడొచ్చు.

మీ పేపర్ ఉన్న సెషన్‌లో మొదటి నుంచి చివరిదాకా కూర్చోండి. తనది చదివేసి జారుకునేవాళ్లను అందరూ గమనిస్తారు.

## 10. సర్దుకోవడం

వైజాగ్‌లో పెరిగినవాళ్లకి నవంబర్ చివరి చలి అంటే ఏంటో అక్కడ దిగాకే తెలుస్తుంది. లోపల థర్మల్స్, పైన గాలి చొరని జాకెట్, మఫ్లర్, సాక్సులు. 2026 సదస్సు నగరం డెన్వర్ సముద్రమట్టానికి పదహారు వందల మీటర్ల ఎత్తున ఉంది, మన అరకు కంటే బాగా ఎత్తు, గాలి పొడి. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం వస్తే కంగారు పడకండి, నీళ్లు బాగా తాగండి. తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి.

డెన్వర్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం నాలుగు గంటల సెషన్ అంటే మీ ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నర. రెండు రోజులు ముందు దిగండి.

కందిపొడి, వేపుడు అటుకులు లాంటివి పట్టుకెళ్లండి, కస్టమ్స్ దగ్గర తిండి ఉందని చెప్పండి. మటన్, చికెన్ పచ్చళ్లు మాత్రం వద్దు, మాంసం ఉన్నవి లాక్కుంటారు. అమ్మ ఎంత బతిమాలినా సరే.

## 11. అక్కడ

బ్యాడ్జ్ మొదటి రోజే తీసుకోండి. రెవరెండ్, డాక్టర్ అని పరిచయం చేసుకోవడం అక్కడ అలవాటు కాదు, పేరు, ఊరు, ఏం చదువుతున్నారో చెప్తే చాలు. పెద్ద ప్రొఫెసర్ని కూడా పేరుతో పిలుస్తారు, మనకి నోరు రాకపోతే "ప్రొఫెసర్" అనండి, "సార్ సార్" అని చేతులు కట్టుకోకండి.

మీరు చదివిన పుస్తకం రాసినాయన ఎదురైతే "మీ పుస్తకం అద్భుతం" అంటే సంభాషణ అక్కడే చస్తుంది. "మీరు ఫలానా చోట ఇలా అన్నారు, మా దగ్గర పడవ వాటాలు ఇలా ఉంటాయి, మీ లెక్కకి ఇది సరిపోతుందా?" అనండి. పదినిమిషాలు నిలబడి మాట్లాడతారు. ఇలా కలవాలనుకునేవాళ్లు ముగ్గురికి మించొద్దు. అక్టోబర్‌లోనే నాలుగు లైన్ల మెయిల్ పెట్టి పావుగంట అడగండి.

సాయంత్రాలు పబ్లిషర్లు, యూనివర్సిటీలు రిసెప్షన్లు పెడతారు. చాలావాటికి ఎవరైనా వెళ్లొచ్చు. వైన్ గ్లాసులు తిరుగుతుంటాయి, మీరు తాగరనుకోండి, జ్యూస్ పట్టుకోండి, ఎవరూ అడగరు, మీరూ ఎవరికీ వివరణ ఇవ్వక్కర్లేదు.

మీ పేపర్ తర్వాత ప్రశ్నలు వస్తాయి. కాగితం మీద ప్రశ్న రాసుకోండి, అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, ఇందులో చిన్నతనం లేదు. తెలిసినదానికి అర నిమిషంలో జవాబు. తెలియనిదానికి "ఇది నేను చూడలేదు, మీ మెయిల్ ఇస్తారా?" ఇక ప్రశ్న పేరుతో తన ప్రసంగం తానే చేసుకునేవాడు ప్రతి గదిలో ఒకడుంటాడు. థాంక్స్ చెప్పి తర్వాతి చెయ్యి వైపు చూడండి.

## 12. పుస్తకాల హాలు

ఇక్కడ జేబు జాగ్రత్త. పబ్లిషర్లు సదస్సు డిస్కౌంట్ ఇస్తారు, చివరి రోజు కొందరు ఇంకా తగ్గిస్తారు. జాబితా ఇంటి దగ్గరే రాసుకుని, మొదటి రోజు ధరలు చూసి, తప్పనిసరైనవి కొనేసి, మిగతావి ఆఖరి రోజుకి వదిలేయండి. ఎయిర్‌లైన్స్ చాలావాటిలో ఒక్కో పెట్టె 23 కిలోలు. నిఘంటువులు, వ్యాఖ్యానాలు రెండు మూడు పెడితే తేలిగ్గా నాలుగైదు కిలోలు లేస్తుంది, కాబట్టి వెళ్లేటప్పుడే ఒక పెట్టె సగం ఖాళీగా పట్టుకెళ్లండి. కాలేజీ లైబ్రరీకి ఏం కావాలో లైబ్రేరియన్‌ని అడిగి వెళ్తే ఆ డబ్బు మీ జేబులోంచి పోదు.

థీసిస్‌ని పుస్తకం చేయాలనుకుంటే ఎడిటర్లు అక్కడే స్టాళ్లలో ఉంటారు. ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకోండి. పూర్తి థీసిస్ పట్టుకెళ్లొద్దు. ఒక పేజీ: పుస్తకం దేని గురించి, ఎవరు చదువుతారు, ఎప్పటికి పూర్తవుతుంది.

## 13. తిరిగొచ్చాక

మొదటి వారంలోనే, నిద్ర సరికాకపోయినా, ఈ పనులు చేయండి:

- ప్రశ్నలు రాసుకున్న కాగితాలు ఫోటో తీసి, ఏ ప్రశ్న పేపర్‌లో ఏ పేరాకి తగులుతుందో రాసుకోండి
- కలిసినవాళ్లకి రెండు లైన్ల మెయిల్, పంపుతానన్న ఫైల్ పంపండి
- పేపర్‌ని జర్నల్ వ్యాసంగా పెంచడానికి తేదీ పెట్టుకోండి, సంక్రాంతి సెలవులకి ముందైతే మేలు
- యూనిట్ అధ్యక్షుడికి థాంక్స్ చెప్పి, వచ్చే ఏడాది అంశం అనుకున్నారా అని అడగండి
- కాలేజీలో ఒక గంట పెట్టి ఏం విన్నారో చెప్పండి, వచ్చే ఏడు ప్రపోజల్ పెట్టే విద్యార్థి అక్కడే దొరుకుతాడు

బోర్డింగ్ పాస్‌లు, హోటల్ బిల్లు, రిజిస్ట్రేషన్ రసీదు, ట్యాక్సీ బిల్లులు ఒక కవర్లో వేసి ఉంచండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు నెలల్లో వెలిసిపోతాయి కాబట్టి ముందే జిరాక్స్ తీయించండి. డబ్బు తిరిగి ఇచ్చే ముందు అకౌంట్స్ వాళ్లు మొదట అడిగేది బోర్డింగ్ పాస్‌నే.